వేరొకరు కట్టిన విమానంలో అయోవాకు

నా విమానంలో సీట్ల వెనక ఒక చిన్న స్టీలు పలక బిగించి ఉంటుంది. తయారుచేసింది ఎవరు అన్నచోట దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. వాల్టర్ అనే ఒక మనిషి పేరు ఉంది. అమెరికాలో ఓపికున్నవాళ్లు సొంత గ్యారేజీలో విమానం కట్టుకోవచ్చు. ప్రభుత్వం తరఫువాళ్లు వచ్చి చూసి సరేనంటే ఎగరవచ్చు. కట్టినవాడే దానికి తయారీదారు. తర్వాత అది ఎన్ని చేతులు మారినా పలక మీద పేరు మారదు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఈ అల్యూమినియం విమానానికి నేను మూడో యజమానిని. మొన్న జూన్‌లో దాన్ని తీసుకుని మిషిగన్ నుంచి అయోవా దాకా వెళ్లివచ్చాను. తాము కట్టని విమానాల్ని మిగతావాళ్లు ఎలా చూసుకుంటున్నారో తెలుసుకోవాలని, వీలైతే వాల్టర్‌ను కలవాలని.

కట్టినవాడికి ఒక హక్కుంది. ఏడాదికోసారి విమానాన్ని విప్పి పరీక్షించి, బాగానే ఉందని తనే సంతకం పెట్టుకోవచ్చు. విమానం అమ్మితే ఆ హక్కు దానితో పాటు రాదు. కొన్నవాడు లైసెన్సున్న మెకానిక్ చేత చూపించి సంతకం పెట్టించుకోవాలి. విచిత్రమేమిటంటే, మిగతా ఏడాదంతా ఆ కొన్నవాడే నట్టు బిగించినా, తీగ మార్చినా, చిన్నాచితకా భాగాలు కొత్తవి వేసినా అడిగేవాళ్లు లేరు. ఈ స్వేచ్ఛ నాకు బాగా నచ్చింది. అక్కడే చెడిపోయాను.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం నాది. ఇంకొకరి పనిలో తప్పు పట్టుకుంటేనే నాకు జీతం. ఆ అలవాటునే విమానం షెడ్డులోకీ తీసుకెళ్లాను. వాల్టర్ హీటరుకు వంటింటి డ్రాయరు పిడి తగిలించాడు. అది పీకేసి కొత్త స్విచ్చు పెట్టాను. తీగలన్నీ తెల్లవే వాడాడు. విసుక్కుంటూ రంగు గుర్తులు వేశాను. బయలుదేరే వారం పెట్రోలు ట్యాంకుల మూతల మీద కన్ను పడింది. ఎడమ రెక్క మూతకు మధ్యలో ఒక రంధ్రం, అందులోంచి పైకి వచ్చి ముందుకు వంగిన చిన్న రాగి గొట్టం, చుట్టూ ముద్దముద్దగా అతుకు. పాత చిల్లు ఏదో పూడ్చినట్టుంది, వాన నీళ్లు పోతాయి అనుకున్నాను. మెరిసే ఎర్ర మూతలు జత తెప్పించి రెండు రెక్కలకూ పెట్టాను. పాతవి చెత్త బండిలో పోయాయి.

ఈ ప్రయాణం మీద మా ఇంట్లో ఒక ఒప్పందం కూడా ఉంది. కొని ఇన్ని నెలలైనా నా భార్య సుజాత ఆ విమానం ఎక్కలేదు. దారిలో అరోరా అనే ఊళ్లో నా స్నేహితుడు కిరణ్ వాళ్ల గృహప్రవేశానికి మా వీధిలో స్నేహితుల కార్లో ముందే వెళ్లింది. నేను అక్కడికి, అక్కణ్నుంచి అయోవాకు వెళ్లి తిరిగొస్తే, ఆదివారం ఇంటికి నాతో విమానంలో వస్తానంది.

"ఒక్కటే షరతు. దారిలో ఏ చిన్నది జరిగినా నాకు చెప్పాలి. దాచి ఎక్కించావో, చూడు" అంది కారెక్కుతూ.

"నేనెందుకు దాస్తాను?" అన్నాను.

ఇండియానా: పసుపు టేపు

శుక్రవారం పొద్దున గాలి లేదు. కింద మొక్కజొన్న ఇంకా మోకాలెత్తే ఉంది, చాళ్లు దువ్వినట్టున్నాయి. రెక్కకో ట్యాంకు, ఇంజను ఒకసారి ఒకదాన్నే వాడుకుంటుంది; కుడిదానితో బయలుదేరి కాసేపటి కిందటే ఎడమదానికి తిప్పాను. ఇండియానాలోకి వచ్చాక ఇంజను దగ్గింది. గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టు ఒకసారి, కాసేపాగి ఇంకోసారి. మూడోసారి ప్రొపెల్లరు వేగం తగ్గడం కంటికే కనిపించింది. చెయ్యి దానంతటదే వెళ్లి కుడి ట్యాంకుకు తిప్పింది. ఇంజను ఏమీ జరగనట్టు పాడుకోవడం మొదలుపెట్టింది.

దిగింది ఒక చిన్న ఊరి విమాన మైదానంలో. ఇలాంటి చోట్ల ఒక ఆనవాయితీ ఉంది. ఆకాశంలోంచి వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషికి ఊళ్లోకి వెళ్లి భోంచేసి రమ్మని కారిస్తారు. తాళం యాష్‌ట్రేలో ఉంటుంది, అద్దె ఉండదు, పెట్రోలు పోసి పెడితే సంతోషిస్తారు. మన ఊళ్లలో తెలియనివాడికి సైకిలైనా ఇవ్వం. నేనైతే అస్సలివ్వను.

ఆ కారు చూపించడానికి గోల్ఫు బండి మీద వచ్చిన ఆవిడ పేరు కేరల్. బడి బస్సు నడిపి రిటైరయింది. ఆవిడకూ ఒక విమానముంది, అదీ ఆవిడ కట్టింది కాదు. ఒక స్కూలు మేష్టారు కట్టాడు. ఆయన పోయాక కొడుకుల దగ్గర కొనుక్కుంది. ఆవిడ చూస్తుండగానే నేను ఎడమ ట్యాంకు మూత విప్పాను. బుస్సుమంది. గాలి బయటికి రాలేదు, లోపలికి పీల్చుకుంది.

"ట్యాంకు ఊపిరాడక చస్తోంది. పెట్రోలు ఖాళీ అయినచోటికి గాలి రాకపోతే పంపు మాత్రం ఎంతని లాగుతుంది?" అంది కేరల్. వంగి, రెక్క కింద గాలి పోయే గొట్టం మూతి చూసింది. "బయట బాగానే ఉంది. లోపల ఏం చేశాడో కట్టినవాడికే తెలియాలి. ఈ మధ్య నువ్వేమైనా మార్చావా?"

ఎర్ర మూత నా చేతిలోనే ఉంది.

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికి చాలాసార్లు ఆలోచించాను. ఇరవై ఏళ్లుగా ఇతరుల తప్పులు పట్టేవాణ్ని, బడి బస్సు నడిపిన ఆవిడ ముందు నా తప్పు చెప్పుకోలేకపోయాను. కారణం అంతకన్నా గొప్పదేమీ కాదు.

ఆవిడ నన్ను తన షెడ్డుకు తీసుకెళ్లింది. ఆ విమానం లోపల అక్కడక్కడా పసుపు టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. కొన్న కొత్తలో తనకు అర్థం కాని ప్రతిదానికీ ఒకటి అంటించిందట. సంగతి తెలిసేదాకా దాన్ని కదపదు. తెలిశాక టేపు పీకేస్తుంది.

"ఇదిగో, ఈ గొట్టానికి రబ్బరు తొడుగు చూశావా? దండగ అనుకున్నా. మేష్టారి స్నేహితుడికి ఫోన్ చేస్తే, చలికాలం అక్కడ లోహం లోహానికి రాసుకుంటుందన్నాడు. టేపు పీకేశా."

డాష్‌బోర్డు వెనక తీగకు ఒక ఇనుప వాషరు ఊరికే వేలాడుతోంది, దానికీ టేపు ఉంది. "ఇదెందుకు?" అని అడిగాను.

"భూమ్మీద ఎవడికీ తెలీదు. ఆ మేష్టారు పైనుంచి ఫోనెత్తడు కదా. అయినా తియ్యను" అని పెద్దగా నవ్వింది.

మధ్యాహ్నం ఊళ్లో తినిపించింది. అక్కడ పేరు పడ్డ తిండి పంది మాంసం సాండ్‌విచ్చు. మాంసం పళ్లెమంత, బన్ను దానికి టోపీ అంత. నేను తిననని నసుగుతుంటే నాకోసం వేయించిన ఉల్లిపాయ చక్రాలు తెప్పించింది, డబ్బులు ఇవ్వనివ్వలేదు. బయలుదేరేటప్పుడు మాత్రం నవ్వలేదు.

"అరోరా దాకా కుడి ట్యాంకు సరిపోతుంది. నేనైతే తెలుసుకోకుండా కదలను. విమానం నీది."

విమానం నాదే అనుకుని కదిలాను.

అరోరా: పాలు పొంగిన ఇల్లు

అరోరాలో కిరణ్, సుజాత ఎదురొచ్చారు. కిరణ్ నల్గొండవాడు, హెచ్‌వన్ వీసా మీద ఉన్న సాఫ్ట్‌వేర్ మనిషి. మా ఇద్దరికీ విమానాల పిచ్చి దగ్గర పరిచయం.

"ఏందన్నా, పొద్దుగాల్నుంచి చూస్తున్నం. మధ్యలో ఎక్కడన్న పడుకున్నవా?" అన్నాడు.

సుజాత నా మొహంలోకి చూసింది. "ఎలా జరిగింది?"

"వెన్నలా వచ్చింది సుజా. స్మూత్‌గా."

కొత్త ఇంట్లో పొయ్యి కరెంటుది. పాలు ఎప్పటికీ పొంగవు, పొంగితే ఆగవు. ఆ పూట పొంగి మాడి, పొగకు అలారం మోగింది. పట్టుచీరల ఆంటీలందరూ పిజ్జా అట్టపెట్టెలతో ఆ అలారం డబ్బాకు విసరడం మొదలుపెట్టారు. పూజారి మంత్రం ఆపకుండానే కిటికీ తెరవమని సైగ చేశాడు. తర్వాత గోంగూర వడ్డిస్తుంటే, నా విమానం సంగతి విని, "పూజ చేద్దాం లెండి. కానీ కొబ్బరికాయ ప్రొపెల్లరు ముందు కొట్టాలా, చక్రాల ముందా? నాకూ కొత్తే" అన్నాడు. అందరూ నవ్వారు.

సాయంత్రం కిరణ్ తన విమానం చూపించడానికి తీసుకెళ్లాడు. దానికి నలుగురు యజమానులు. కట్టినాయన ఫ్లోరిడాలో ఉంటాడు. ఒక్కరు ఏ బోల్టు ముట్టుకున్నా ఇంకొకరు వచ్చి దాని మీద చెయ్యి పెట్టి చూడాలి. చూసినట్టు గ్రూపులో మెసేజ్ పెట్టాలి. అప్పటిదాకా ఎవరూ ఎగరకూడదు.

"మా నలుగురిల ఎవని మీద ఎవనికీ నమ్మకం లేదన్నా. అందుకే విమానం మంచిగుంది" అన్నాడు.

తర్వాత నా విమానంలో పెట్రోలు పోయించాం. గ్యాలను ఆరు డాలర్లు దాటింది. మిషిగన్ కన్నా ఎక్కువే. పోయించే ముందు కిరణ్ రెండు ట్యాంకుల ముళ్లూ చూసి ఆగిపోయాడు.

"అన్నా, ఎడమది ఇంచుమించు నిండుగనే ఉంది. కుడిది మాత్రం మస్తు తగ్గింది. ఎడమ ట్యాంకు వాడుతలేవా ఏంది?"

"బరువు సరిచూసుకుంటున్నా" అన్నాను. ఇద్దరికీ తెలుసు అది అసలు మాట కాదని.

"నాకెందుకో డౌట్ కొడుతుంది. రేపు ఆ వాల్టర్ సార్‌కి చూపియ్యి. చూపియ్యకుండ వదినను ఎక్కించకు. నేను చెప్పను, గది నువ్వే చెప్పుకోవాలె" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర నా పక్కన కూర్చోలేదు.

అయోవా: నలిగిన గొట్టం

శనివారం మళ్లీ కుడి ట్యాంకు మీదే వెళ్లాను. వాల్టర్ ఉండే ఊళ్లో రన్‌వే అంటే గడ్డి కోసిన ఒక పట్టీ, రెండు వైపులా మొక్కజొన్న. వస్తున్నానని ముందే ఫోన్ చేశాను, ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. భుజాల మీంచి పట్టీలున్న ప్యాంటు, తెల్లగా మెరిసే పళ్లు. నాకు హలో చెప్పకముందే విమానం ముక్కు మీద చెయ్యి వేశాడు. కంటిచూపు తగ్గాక అమ్మేశాడట. కొన్నవాళ్లెవరూ ఇంతవరకు తీసుకొచ్చి చూపించలేదట.

లోపలికి తల పెట్టి, "హీటరు పిడి ఏది?" అన్నాడు.

"మార్చాను."

"మా వంటింటి డ్రాయరుది అది. ఆ డ్రాయరును ఇప్పటికీ మా ఆవిడ చెంచా పెట్టి లాగుతుంది. తెలిసుంటే తిరిగిచ్చేవాడివి కదయ్యా."

నవ్వుతూనే రెక్క వెంట నడిచి ఎడమ మూత దగ్గర నిలబడ్డాడు. నవ్వు పోయింది.

"నా మూత ఏది?"

"మార్చాను."

"దీనితో ఎగిరావా?"

"ఎగిరాను."

"దగ్గిందా?"

"దగ్గింది" అన్నాను. ఆ ప్రయాణంలో నేను ఎవరికైనా చెప్పిన మొదటి నిజం అదే.

ఆయన రెక్క మీద చెయ్యి ఆనించాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఎడమ రెక్క కడుతున్నప్పుడు, పైరేకు మూసి రివెట్లు కొట్టేటప్పుడు, ట్యాంకుకు గాలి తెచ్చే గొట్టం లోపల నలిగి మూసుకుపోయింది. ఆ సంగతి అంతా మూశాక తెలిసింది. సరిచెయ్యాలంటే వరసలకు వరసలు రివెట్లు ఊడదీయాలి. అప్పటికే ఆయన అలసిపోయి ఉన్నాడు. మూతకు రంధ్రం చేసి, రాగి గొట్టం అతికించి, గాలి అటునుంచి వచ్చేట్టు చేశాడు. తను ఎగిరినన్నాళ్లూ అది పనిచేసింది.

"కొన్నాయనకు చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పాలనే ఉన్నా. కానీ అతను రివెట్ల వరసలు చూసి మురిసిపోతున్నాడు. ఇంత నాజూకు పని ఎక్కడా చూడలేదంటున్నాడు. వాటి వెనకే గొట్టం నలిపానని ఏ నోటితో చెప్పను? మూత ఉంది కదా, చాలులే అనుకున్నా. నీలాంటివాడు వచ్చి మూత మారుస్తాడని తట్టలేదు." మూత వైపు చూసి, "నిన్ను చంపేసేవాణ్ని" అన్నాడు.

"నన్ను నేనే చంపుకునేవాణ్ని" అన్నాను. కేరల్ అడిగినప్పుడు లేదన్న సంగతి, అరోరాలో సుజాతతో వెన్నలా వచ్చిందన్న సంగతి మొత్తం చెప్పాను.

"ఆవిడ రేపు ఎక్కాలా దీన్ని?"

"అవును."

"అయితే పద, ముందు ఇది చూద్దాం. ఆవిడ సంగతి నువ్వే చూసుకోవాలి, అది నాకు రాదు."

ఆయన గ్యారేజీలో మెరిసే ఎర్ర మూతను బిగింపులో పెట్టి నా చేతే రంధ్రం చేయించాడు. రాగి గొట్టం ముక్క వంచి అతికించాం. నేను తొందరపడ్డ ప్రతిసారీ డ్రిల్లు తీగ లాగేశాడు. చివరికి మూత నిండా గీతలు, మధ్యలో ముద్దలాంటి అతుకు. "ఇప్పుడు నాదాని అంత అందంగా ఉంది" అన్నాడు. రంధ్రం ఎందుకుందో మూత పక్కన రెక్క మీద రాయమని నాకు నల్ల ఇంకు పెన్ను ఇచ్చాడు. నేను వంగేలోపే వెనక్కి తీసుకున్నాడు. వణికే పెద్ద అక్షరాలతో తనే రాశాడు: లోపలి గొట్టం మూసుకుపోయింది, గాలి ఈ మూత నుంచే వస్తుంది, మార్చవద్దు. కింద, నలిపింది నేనే అని రాసి పేరు పెట్టాడు.

ఊళ్లో హోటల్లో రుబార్బు అనే మొక్క కాడలు కూరి కాల్చిన 'పై' అనే తీపి వంటకం తినిపించాడు. గోంగూర కాడల్ని పంచదారలో ఉడికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ముక్క నాలుగు డాలర్లు, కాఫీ ఎన్నిసార్లయినా పోస్తారు. పక్క బల్ల మీద రైతులు మైదానంలో విమానం ఎవరిదని అడిగారు. వాల్టర్ నా వైపు చూపించి, "ఇతనిది" అన్నాడు.

సాయంత్రం మొక్కజొన్న పక్కన నిలబడి సుజాతకు ఫోన్ చేశాను. శుక్రవారం ఇంజను ఆగబోయిందని, మూత నేనే మార్చానని, కేరల్‌కూ తనకూ అబద్ధం చెప్పానని చెప్పాను.

"కిరణ్‌కి తెలుసా?" అంది.

"అనుమానం వచ్చింది. నేను ఒప్పుకోలేదు."

"సరే. రేపు రా. చూద్దాం."

ఆదివారం: కుడి సీటు

పొద్దున ఎడమ ట్యాంకు మీదే పైకెక్కి, వాల్టర్ మైదానాన్ని వదలకుండా పైన చక్కర్లు కొట్టాను. ఇంజను ఆగితే అక్కడే దిగిపోవచ్చని. ఆయన కింద తలెత్తి కూర్చునే ఉన్నాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. దిగి మూత విప్పితే చప్పుడే లేదు. ఆయన చెయ్యి ఊపి ఇంటికి నడిచాడు.

అరోరాలో సుజాత సంచీ భుజానికి తగిలించుకునే ఉంది. పక్కన కిరణ్. నాతో మాట్లాడకుండా ముందు రెక్క దగ్గరికి వెళ్లి వాల్టర్ రాత చదివింది. రెండోసారి చదివింది. మూత తనే విప్పి చెవి ఆనించింది. మళ్లీ బిగించింది.

"అయోవా నుంచి దీని మీదే వచ్చావా?"

"దీని మీదే. మొత్తం."

"బాగుంది."

"అయితే ఎక్కుతావా?"

"విమానం బాగుందన్నాను." సంచీ భుజం మార్చుకుంది. "శుక్రవారం ఇక్కడే నిలబడి వెన్నలా వచ్చింది అన్నావు. నీ మొహంలోకి చూశాను. ఇన్నేళ్లు కాపురం చేసి, నాకేమీ తెలియలేదు. నా భయం ఇంజను గురించి కాదు."

కిరణ్ పక్కకు జరిగి, ఏ అవసరమూ లేకపోయినా టైరు తట్టి చూడసాగాడు.

"నేను వాళ్ల కార్లోనే వస్తాను. నువ్వు దిగగానే ఫోన్ చెయ్యి" అంది.

బతిమాలలేదు. అడిగే అర్హత నాకు లేదని కాదు, ఆవిడ చెప్పింది సరైనదని. ఖాళీ సీటు బెల్టులు వదిలేస్తే గాలి కుదుపుకు ఎగిరి, ముందున్న నడిపే కర్రకు చుట్టుకునే ప్రమాదముంది. అందుకని మనిషి లేకపోయినా బిగించాలి. కుడి సీటుకు రెండు బెల్టులూ అడ్డంగా వేసి, వదులు లేకుండా లాగాను. కంచె అవతల సుజాత కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నేను గాల్లోకి లేచేదాకా కార్లో కూర్చోలేదు.

దిగాక షెడ్డులోంచి ఫోన్ చేశాను. వాళ్లు ఇంకా ఇండియానా కూడా దాటలేదు.

"దిగాను. ఇంజను బాగా నడిచింది. దిగేటప్పుడు చక్రాలు నేలకు కొట్టి ఒకసారి పైకి గెంతింది. తప్పు నాదే, పక్కగాలి చూసుకోలేదు."

"అంతేనా?"

అంతే అనబోయి ఆగాను.

"అంతే కాదు. రెండుసార్లు గెంతింది. రెండోసారి గట్టిగా."

కార్లో ఎవరో నవ్వారు. సుజాత నవ్వలేదు. కానీ ఫోన్ పెట్టేయలేదు.

"ఇంకా?" అంది. చెప్పడం మొదలుపెట్టాను.